మరపు ఏ మెట్టున కలిగినది?



 

ముంబాయి నగరమున కామాఠీపురా అను పేట ఉన్నది. ఆ పేరు వినగానే లోకమునకు వేరే సంగతులు జ్ఞాపకము వచ్చును గాని, తెలుగువారికి జ్ఞాపకము రావలసినది మరియొకటి. సుమారు రెండువందల ఏండ్ల క్రిందట నిజాము రాజ్యములోని తెలుగు పల్లెల నుండి ఇండ్లు, బాటలు కట్టు పనికై బొంబాయి చేరిన కూలీలను, మేస్త్రీలను అక్కడివారు కామాఠీలని పిలిచిరి. వారు కాపురమున్న చోటు కామాఠీపురా అయినది. వరుస సంఖ్యలు గల ఆ గల్లీలలోనికి, వర్లీ, పరేలు, ప్రభాదేవి చాళ్ళలోనికి తరువాత కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు సీమల పద్మశాలీలు వచ్చి బట్టల మిల్లులలో పనికి కుదిరిరి. మగవారు మిల్లుకు పోగా ఆడవారు గడప ముందు కూర్చుండి బీడీలు చుట్టిరి. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో ఆ బ్రతుకు చెదిరినది. నాడు ముప్పది ఏండ్ల వయసు గలవారు నేడు డెబ్బది దాటినారు.

ఆ గల్లీలలో ఒకదాని మొగను ఒక జైన శేఠ్‌జీ కిరాణా దుకాణము ఉన్నదనుకొనుడు. పేరు అవసరము లేదు. ఇట్టి దుకాణము ఏ ఊరిలోనైన ఉండును. ఆయన తెలంగాణలో పుట్టి పెరిగినవాడు. ఇంట మారువాడీ, బేరమునకు తెలుగు, మరాఠీ, హిందీ. చాళ్ళవారు కూలిలో మిగిలిన నాలుగు డబ్బులు ఆయన వద్ద దాచుకొనుట పాత వాడుక. ఒకనాడు ఒక అవ్వ వచ్చినది. వయసు డెబ్బదియైదు. బీడీలు చుట్టి చుట్టి వ్రేళ్ళు వంకరపోయినవి.

“శేఠ్‌జీ, నా పైసలు తీసియ్యి. మనుమరాలికి పుస్తకాలు కొనాలె. నాలుగు వేలే గదా నేను దాసుకున్నది?”

చిట్టాలో ఉన్నది పదకొండు వేలు.

శేఠ్‌జీ చేయవలసినది ఏమియు లేదు. “అవును అవ్వా” అనిన చాలును. తూనికలో మోసము లేదు, చేతిలోనిది గుంజుకొన్నది లేదు. తక్కువ లెక్క ఆమె నోటనే వచ్చినది. చూచినవారు లేరు, అడుగువారు లేరు.

తత్త్వార్థసూత్రమున శ్రావకుని సత్యాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. వానిలో ఒకటి న్యాసాపహారము. న్యాసమనగా నమ్మి ఒకరి చేతిలో పెట్టిన సొమ్ము. దానిని అపహరించుట అనిన పెట్టె పగులగొట్టుట అని మనకు తోచును. కాని పూజ్యపాదాచార్యుడు సర్వార్థసిద్ధి యందు ఇచ్చిన వివరణ అది కాదు. సొమ్ము దాచుకొన్నవాడు దాని లెక్క మరచి, తక్కువ సంఖ్య చెప్పి అడుగగా, దాచినవాడు ‘అంతే’ అని ఒప్పుకొనుటయే న్యాసాపహారమని ఆయన చెప్పినాడు. వేయిన్నర ఏండ్ల క్రిందటి మాట ఇది. మరచిపోయిన ముసలివాని ముందు నిలిచిన వర్తకుని ఆ మహాత్ముడు కన్నులార చూచినట్లు వ్రాసినాడు. దీనిని అచౌర్యవ్రతము క్రింద గాక సత్యవ్రతము క్రింద చేర్చుటయు గమనింపదగినది. దోషమంతయు ఆ ‘అవును’ అను ఒక్క మాటలో ఉన్నది.

మన శేఠ్‌జీ వ్రతము తెలిసినవాడు. చిట్టా త్రిప్పి చూపినాడు. “నాలుగు గాదు అవ్వా, పదకొండు. ఇదిగో, నీ వ్రేలిముద్రలు.”

అవ్వ సంతోషింపవలసినది. ఆమె ముఖము తెల్లబోయినది. “పదకొండా? మరి నాకెందుకు యాదికి లేదు శేఠ్‌జీ? నాకు మతి పోతున్నదా?”

“వయసు అవ్వా. అందరికీ అంతే.”

అవ్వ తల ఊపి పోయినది. శేఠ్‌జీ తన వ్రతము నిలిచినదని తృప్తిపడినాడు. సొమ్ము విషయమున నిలిచినది, నిజమే. కాని రెండవ ప్రశ్నకు ఆయన ఇచ్చిన ‘అందరికీ అంతే’ అను జవాబు సత్యమేనా? ఈ వ్యాసము ఆ ఒక్క మాటను గూర్చియే.

పెద్దల మరపునకు మన ఇండ్లలో రెండు జవాబులు సిద్ధముగా ఉన్నవి. ఒకటి ‘వయసు’. రెండవది ‘కర్మ’. జ్ఞానావరణీయ కర్మ ఆవరించినది, ఏమి చేయగలము అందురు. కర్మ మాట అబద్ధము కాదు. కాని ఆ కర్మకు క్షయోపశమము కలదని, దానికి బాహ్య నిమిత్తములు కలవని చెప్పిన శాస్త్రమును సగము చదివి మూయుట ఏమి న్యాయము? కంటికి పొర కమ్మిన కర్మ అని ఊరకుండుట లేదు గదా, ఆపరేషను చేయించుచున్నాము. మతి సంగతి వచ్చునప్పటికి మాత్రము చేతులు ముడుచుకొందుము. దాని వెనుక ఉన్నది వైరాగ్యము కాదు, సిగ్గు. సంబంధములు కుదరవేమో, బజారులో పరపతి తగ్గునేమో అను భయము.

మతిజ్ఞానము నాలుగు మెట్లుగా కలుగునని శాస్త్రము: అవగ్రహము, ఈహ, అవాయము, ధారణ. ఇది పాఠశాలలో పిల్లలు వల్లించు మాట. దీనిని దుకాణములో పెట్టి చూడుడు. గడపవద్ద ఏదో అలికిడి అయినది, అది అవగ్రహము. వచ్చినది ఎవరు, బాకీ తీర్చువాడా, క్రొత్త బేరమా అని మనస్సు తరచుట ఈహ. ఫలానావాడే అని తేల్చుకొనుట అవాయము. రేపు మరల వచ్చినప్పుడు ఆనవాలు పట్టగలుగుట ధారణ. అందుచేత ఒక పెద్దాయన ‘మరచినాను’ అన్నప్పుడు మొదట అడుగవలసినది, ఏ మెట్టున తప్పినది? నాలుగవ మెట్టు విరిగినదని అందరును భయపడుదురు. అనేకుల విషయమున తప్పు క్రింది మెట్లలోనే ఉండును, వానిలో పెక్కు బాగు చేయదగినవి.

చెవి సంగతి చూడుడు. ప్రవచనమున వెనుక వరుసలో కూర్చున్న తాతకు సగము మాటలు వినబడవు. ఇంట కోడలు వంటింటి నుండి “మామయ్యగారూ, నాలుగు గంటలకు డాక్టరు దగ్గరకు పోవలెను” అనిన ఆయన తల ఊపును. నాలుగింటికి ఆయనకు ఆ సంగతియే తెలియదు. మరచినాడని ఇంటిల్లిపాది అందురు. ఆయన మరువలేదు, వినలేదు. ధారణలోనికి పోవుటకు అవగ్రహమే కలుగలేదు. పైగా వినబడని మనిషి మాట్లాడుట తగ్గించును, నలుగురిలో కూర్చుండుట మానును, ఆ మౌనముతో మెదడు నిజముగానే క్షీణించును. 2024లో లాన్సెట్ అను వైద్యపత్రిక వేసిన నిపుణుల సంఘము ఈ వ్యాధికి దారితీయు, మనము మార్చుకొనదగిన కారణములను 14 లెక్కించినది. వానిలో వినికిడి లోపము ఒకటి, చూపు లోపము ఒకటి. తక్కినవి తక్కువ చదువు, రక్తపు పోటు, మధుమేహము, చెడ్డ కొలెస్టరాలు, స్థూలకాయము, పొగత్రాగుట, మద్యము, కదలక కూర్చుండుట, మనోవ్యాకులత, ఒంటరితనము, తలకు దెబ్బ, చెడుగాలి. ఈ పదునాలుగును జీవితకాలమంతయు అదుపున ఉంచగలిగినచో లోకములోని మతిక్షయ వ్యాధిలో దాదాపు 45 శాతము నివారించుటకో, వాయిదా వేయుటకో వీలుండునని వారి అంచనా. సగమునకు కొంచెము తక్కువ. తక్కిన సగమును వయసుకు, వంశమునకు, కర్మకు విడిచినను ఈ సగము మన చేతిలోనిది.

కళ్ళజోడు పెట్టుకొనుటకు సిగ్గులేనివారు చెవి యంత్రమునకు ఎందుకు సిగ్గుపడుదురో తెలియదు.

రెండవ, మూడవ మెట్లు మనస్సు నిలుపుటకు సంబంధించినవి. భార్య గతించిన ఏడాదిలో అన్నియు మరచుచున్న ముసలాయనకు దుఃఖమే వ్యాధి కావచ్చును. దానికి చికిత్స ఉన్నది. ఏండ్ల తరబడి మింగు నిద్రమాత్రలు మతిని మసకబార్చును. థైరాయిడ్ గ్రంథి మందగించినను అంతే. ఇక మన జైన గృహములలో ప్రత్యేకముగా చూడవలసినది విటమిన్ బి12. అది చెట్టుచేమల ఆహారములో దొరకదు. మనకు పాలు, పెరుగు మాత్రమే దాని ఆధారము. వయసు మీరిన కొలది కడుపు దానిని గ్రహించు శక్తి తగ్గును. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ మాత్ర, ఆమ్లము తగ్గించు మాత్రలు చిరకాలము వాడినను తగ్గును. ఆయంబిల్ ఓళీలలో పాలు పెరుగు కూడ మానుదుము. అది లోపించినచో అరికాళ్ళు తిమ్మిరెక్కుట, నడక తూలుట, మరపు, విసుగు. ఒక్క రక్తపరీక్షతో తెలియును. లోపమున్నవారికి ఇంజెక్షనులతోనో మాత్రలతోనో తీరును. ఆలస్యము చేసినచో పూర్తిగా తీరకపోవచ్చును. లోపము లేనివారు మ్రింగినందువలన మతి పెరుగదు.

ఇక్కడ కొందరు ధర్మాత్ములకు సందేహము కలుగును. ఆ మందు జీవహింస వలన వచ్చినదా? బి12ను కర్మాగారములలో సూక్ష్మజీవులను పెంచి తీయుదురు, మాంసము నుండి కాదు. సూక్ష్మజీవుల విషయమున గురుమహారాజుల అభిప్రాయము అడిగి తెలిసికొనుడు. జాగ్రత్త పడవలసినది గొట్టము మందు విషయమున. అనేక క్యాప్స్యూళ్ళ తొడుగు పశువుల ఎముకల, చర్మముల నుండి తీసిన జెలటిన్‌తో చేయబడును. మందుల దుకాణములో మాత్ర రూపమున గాని, వృక్షసంబంధమైన తొడుగు గలది గాని అడిగిన దొరకును. ఉపవాసములకు పూర్వము కూడ డాక్టరుతో చెప్పవలెను. మధుమేహపు మందు మ్రింగి ఉపవసించిన చక్కెర పడిపోయి మెదడుకు కీడు కలుగును. నీరు చాలక ముసలివారు ఒక్క పూటలో తికమకపడుట కలదు. ప్రత్యాఖ్యానముల యందే రోగికి ఆగారములు, అనగా మినహాయింపులు, పెట్టిన పూర్వాచార్యులు మనకంటె దయామయులు. ఆ మినహాయింపును వాడుకొన్న తాతను చూచి ‘వ్రతము తప్పినాడు’ అనువారు మన సంఘములో లేకపోలేదు. వారికి ఒక నమస్కారము.

ఇక నాలుగవ మెట్టు. మనము చిట్టాలో రోజువారీ వ్రాసి, తరువాత ఆవర్జాలోనికి ఎక్కించుదుము గదా. మెదడులోను అట్టి ఏర్పాటే ఉన్నది. కణతల లోపలి భాగమున హిప్పోకాంపస్ అను చిన్న భాగము నేటి అనుభవములను చిట్టా వలె పట్టి, కాలక్రమమున మెదడు పైపొరల ఆవర్జాలోనికి చేర్చును. గాఢనిద్రలో ఆ పని ఎక్కువగా సాగునందురు. 1906లో అలోయిస్ అల్జీమర్ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించిన వ్యాధిలో సామాన్యముగా ముందు చెడునది ఈ చిట్టా. అందుచేతనే 1982 సమ్మెనాడు ఏ మిల్లు గేటు వద్ద ఎవరెవరు నిలిచిరో చెప్పగల తాత, ప్రొద్దున మ్రింగిన మాత్ర మరల మ్రింగును. ‘పాతవన్నియు చెప్పుచున్నాడు, మతికేమి లోటు?’ అని ఇంటివారు మోసపోవుదురు. పాత ఆవర్జా చెడలేదు. క్రొత్త పద్దు ఎక్కుట లేదు.

తాళపుచెవి ఎక్కడ పెట్టినారో మరచుట అందరికిని కలదు, దానికి భయపడవలదు. పేరు నాలుక చివర నిలిచి రాత్రికి గుర్తు వచ్చుటయు అట్టిదే. కాని ఒకే ప్రశ్న గంటలో అయిదుసార్లు అడుగుట, నలుబది ఏండ్లు తిరిగిన గల్లీలో దారి తప్పుట, జన్మమంతయు వేసిన వడ్డీలెక్క వేయలేకపోవుట, సౌమ్యుడైనవాడు హఠాత్తుగా అనుమానపు మనిషి అగుట, వీనిలో ఏది కనబడినను ఆసుపత్రికి తీసికొని పోవలెను. కామాఠీపురా వారికి నాయర్ ఆసుపత్రి నడిచిపోవు దూరము. బైకుల్లా వద్ద జె.జె., పరేలులో కె.ఇ.ఎం. ఉన్నవి. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో ప్రకటింపబడిన సర్వే లెక్క. తక్కిన తొంబది ఇద్దరికి పైగా లేదు. రెండు సంఖ్యలును గుర్తుంచుకొనుడు. వ్యాధి ముదిరిన పిమ్మట పోయిన దానిని తెచ్చు మందు నేటికిని లేదు. కొంతకాలము మేలుచేయు మాత్రలు ఉన్నవి. ముందుగా తెలిసిన ఇంటికి కాలము కలిసివచ్చును.

మన తెలుగునాటనే జరిగిన ఒక పరిశోధన ఈ చాళ్ళవారికి దగ్గరది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును 648 మంది మతిక్షయ రోగులను పరిశీలించి 2013లో ఫలితము ప్రకటించిరి. తెలుగు, హిందీ, దక్కనీ ఉర్దూ వంటి రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడువారికి, ఒకే భాష మాట్లాడువారికంటె వ్యాధి నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనది. చదువురాని వారిలోను ఆ తేడా కనబడినది. తరువాతి పరిశోధనలన్నియు ఒకే మాట చెప్పలేదు గాని, బడి మెట్లు ఎక్కక గల్లీలో మూడు భాషలు నేర్చిన మన అవ్వకు ఇది చిన్న ఆస్తి కాదు. ఫిన్‌లాండు దేశమున 60 నుండి 77 ఏండ్ల వారు 1,260 మందిని తీసికొని, సగము మందికి రెండేండ్లు మంచి ఆహారము, వ్యాయామము, బుద్ధికి పని, రక్తపు పోటు మొదలగువాని అదుపు నాలుగును కలిపి చేయించిరి. 2015లో ప్రకటించిన ఫలితములలో తక్కిన సగముకంటె వారి బుద్ధి చురుకుగా నిలిచినది. ఒక్క మందు కాదు, నాలుగును కలిసి.

ఈ నాలుగును చూచినప్పుడు మన నిత్యకర్మ జ్ఞాపకము రాకమానదు. ప్రొద్దుననే మందిరమునకు నడక. వంగి లేచి చేయు వందనములు. 48 నిమిషముల సామాయికము. రాత్రిభోజన త్యాగము. అయినను మన మందిరములలో వృద్ధులు మతి పోగొట్టుకొనుచునే ఉన్నారే అని అడుగవచ్చును. మందిరము నుండి తిన్నగా ఫరసాణ్ అంగడికి పోవువారికి, ఊరగాయ ఉప్పుతో పోటు పెంచుకొనువారికి, గద్దెమీద నుండి లేవకయే రోజు గడుపువారికి పదినిమిషముల నడక ఏపాటి? మరియొక కారణము కూడ ఉన్నది. అరువది ఏండ్ల క్రిందట నేర్చిన పాఠమునే నోరు తనంతట తాను చదువుచుండగా మనస్సు బజారులో తిరుగును. స్వాధ్యాయము అయిదు విధములని శాస్త్రము: చదువుట, అడుగుట, తలపోయుట, వల్లించుట, ఇతరులకు చెప్పుట. మనము వల్లించుట ఒక్కటి ఉంచుకొని నాలుగు విడిచితిమి. డెబ్బదవ ఏట ఒక క్రొత్త స్తుతి నేర్చుకొనుట, అర్థము కాని చోట యువకుని అడుగుట, మనుమనికి ఒక కథ చెప్పుట, వీనిలోనే మెదడుకు పని ఉన్నది.

జ్ఞాపకశక్తి పేరు చెప్పి పొడులు, లేహ్యములు, ఆటలు అమ్ముట నేటి పెద్ద వ్యాపారము. మన వర్తకులలోను అమ్మువారు ఉందురు. శ్రీమద్ రాజచంద్రులు 1887 జనవరి 22న, పందొమ్మిదేండ్ల ప్రాయమున, బొంబాయి ఫ్రాంజీ కావస్‌జీ ఇన్‌స్టిట్యూట్‌లో శతావధానము చేసి నగరమును ఆశ్చర్యపరచిరి. తెలుగువారికి అవధానమనిన ప్రాణము గనుక ఆ కష్టము మనకు తెలియును. అంతటి ధారణ గలవారు కొలది కాలముననే ఆ ప్రదర్శనలు విడిచివేసిరి. ఆత్మసాధనకు అది అడ్డమని వారి నిర్ణయము. ఆయనయు వర్తకుడే, బొంబాయిలో రత్నముల వ్యాపారము చేసెను. నూరు సంగతులు పట్టి ఉంచుట ధర్మము కాదు గనుక, పట్టు సడలినవాడు ధర్మమునకు దూరమైనవాడును కాడు. ఈ మాట మరపునకు భయపడు పెద్దలకు చెప్పవలెను.

భయము పెద్దలకు క్రొత్త కాదు. శ్రీసంఘమే ఒకప్పుడు మరపునకు భయపడినది. మహావీర నిర్వాణము తరువాత శతాబ్దులపాటు శ్రుతమంతయు ముని కంఠములలో నిలిచినది. కరవులు వచ్చెను, కంఠములు రాలిపోయెను. శ్వేతాంబర సంప్రదాయమున నిర్వాణము తరువాత 980వ ఏట, మరియొక లెక్కకు 993వ ఏట, వలభిలో దేవర్ధిగణి క్షమాశ్రమణుని ఆధ్వర్యమున ఆగమములు పుస్తకమునకు ఎక్కినవి. దిగంబర సంప్రదాయమున చెప్పు కథలో మన తెలుగునేలకు పాలు ఉన్నది. గిరినారు కొండలోని చంద్రగుహలో ధరసేనాచార్యుడు వృద్ధుడై ఉండెను. పూర్వశ్రుతములో మిగిలిన భాగము ఆయనకు తెలియును. తనతో అది పోవునేమో అను చింత ఆయనను పట్టినది. ఆయన ఆ చింతను దాచుకొనలేదు. దక్షిణాపథమున మహిమా నగరమున కూడిన ఆచార్యులకు లేఖ పంపెను. వారు ఆంధ్రదేశములోని వేణ్ణానదీతీరము నుండి ఇద్దరు మునులను పంపిరి. వారే పుష్పదంతుడు, భూతబలి. వృద్ధుడు వారిని పరీక్షించెను. ఒకరికి ఒక అక్షరము ఎక్కువైన మంత్రము, మరియొకరికి ఒక అక్షరము తగ్గిన మంత్రము ఇచ్చి సాధింపుమనెను. తప్పు కనిపెట్టి తామే దిద్దుకొని వచ్చిన వారికి సంతోషముతో తన విద్య అంతయు చెప్పెను. వారు వ్రాసినది షట్ఖండాగమము. అది పూర్తి అయిన జ్యేష్ఠ శుద్ధ పంచమియే శ్రుతపంచమి.

గిరినారు కొండమీది ఒక గుహలోని ముసలివాని మాట వినుటకు ఇద్దరు తెలుగునాటి నుండి కాలినడకన పోయినారు. మన ఇంట ప్రక్కగదిలోని తాత వద్దకు ఎవరు పోవుచున్నారు? చాళ్ళలో ఈ లోటు కొంత తక్కువ. వరండా ఒక్కటి, నల్లా ఒక్కటి. పొద్దున లేచి పదిమందితో మాట్లాడక గడవదు. నేడు వర్లీ బి.డి.డి. చాళ్ళ స్థానమున ఆకాశమంటు భవనములు లేచుచున్నవి. స్నానపుగది ఇంటిలోనే, లిఫ్టు తలుపువద్దనే. మంచిదే. చాలు మెట్లమీద జారి తల పగులగొట్టుకొన్నవారికి ఆ సుఖము విలువ తెలియును. కాని ముసలిదానిని ఇరువదవ అంతస్తులో తలుపు మూసి కూర్చుండబెట్టునప్పుడు, పోయిన వరండాకు బదులు ఏమి ఇచ్చుచున్నామో ఇంటివారు ముందుగా ఆలోచింపవలెను. కొద్దిగా దారి మరచువారికి క్రొత్త ఇల్లు మరింత తికమక. పాత మంచము, పాత దేవుని పటము, పాత గడియారము వెంట తీసికొని పోవుడు.

వర్తక కుటుంబములకు ఇంకొక సంగతి చెప్పక తీరదు. సంతకము. మతి చెదరిన పిమ్మట పెద్దాయన వ్రేలు పట్టుకొని కాగితములమీద వేయించువారు ఉన్నారు. ముక్త్యారునామా ఉన్నది గదా అందురు. ఇచ్చినవాని మతి స్థిరము తప్పిన తరువాత సామాన్యముగా అది చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టముననే ఆ నియమమున్నది. వీలునామా కూడ స్థిరచిత్తముతో ఉన్నప్పుడు వ్రాసినదే నిలుచును. కాబట్టి మొదటి సూచన కనబడిన నాడే, పెద్దాయన ఇంకను స్పష్టముగా ఉన్నప్పుడే, కుమారులందరిని, కుమార్తెలను కూడ, కూర్చుండబెట్టి ఆయన కోరిక ఆయన నోటనే విని వ్రాయించవలెను. ఆ పని మాని తండ్రి మరపును లాభముగా మార్చుకొనిన కుమారునికి, అవ్వ తక్కువ చెప్పగా ‘అంతే’ అను వర్తకునికి భేదమేమి? న్యాసము ఇంటిలోనిదైనంత మాత్రమున న్యాసాపహారము కాకపోవునా?

శేఠ్‌జీ కథ మిగిలియున్నది. ఆ రాత్రి ప్రతిక్రమణమున కూర్చున్నప్పుడు ‘అందరికీ అంతే’ అను తన మాట ఆయనకు ముల్లువలె తగిలినది. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పితిని గదా అనుకొనెను. మరునాడు దుకాణపు కుర్రవానిని తోడిచ్చి అవ్వను నాయర్ ఆసుపత్రికి పంపెను. బి12 తక్కువగా ఉన్నది. కుడిచెవి దాదాపు వినబడదు. ఇంజెక్షనులు పడినవి, చెవికి యంత్రము వచ్చినది. అయిదారు నెలలకు ఆమె తన లెక్కలు తాను చెప్పసాగినది. అన్నియు కాదు. అప్పుడప్పుడు ఉప్పు రెండుసార్లు కొనవచ్చును. కుర్రవాడు “అవ్వా, పొద్దుగాల కొంటివి గదా” అని నవ్వి పంపివేయును. రెండవమారు అమ్మకూడదని శేఠ్‌జీ ఆజ్ఞ.

కొన్ని ఏండ్లకు శేఠ్‌జీకే పట్టు సడలినది. పరీక్షలన్నియు చేయించిరి. ఆయనది చెవి కాదు, విటమిను కాదు. నాలుగవ మెట్టు. పెద్దకుమారుడు ఆయనను గద్దెమీద నుండి దింపలేదు; తిజోరీ తాళములు మాత్రము తాను తీసికొని, చిట్టా తండ్రి ముందే ఉంచెను. శేఠ్‌జీ రోజంతయు వచ్చిపోవువారిని పలకరించుచు, ఒక్క సంగతి మాత్రము మరల మరల అడుగును.

“ఆ అవ్వ పైసలు ఇచ్చేసినామా?”

“ఇచ్చేసినాము బాపూజీ.”

“ఎంత?”

కుమారుడు నోటితో చెప్పి ఊరకొనవచ్చును. అట్లు చేయడు. పాత చిట్టా తీసి, ఆ పుట తెరచి, పద్దు మీద వ్రేలు పెట్టి చూపును. శేఠ్‌జీ కళ్ళజోడు సవరించుకొని, పదకొండు వేలు అని తానే పైకి చదువుకొని, సరేనని తల ఊపును. అరగంటకు మరల అడుగును. కుమారుడు మరల ఆ పుట తీయును.